దుభాషి నోట్లో బెల్లం

ఫిబ్రవరి 2, సోమవారం

ఈ డైరీ తెలుగులోనే రాయాలని తీర్మానం. రూమ్మేట్ నా సొరుగులోంచి క్లిప్పులు, సాక్సులు, బిస్కెట్లు చెప్పాపెట్టకుండా పట్టుకుపోతుంది. డైరీ కూడా పట్టుకుపోయినా ఈ గుండ్రటి అక్షరాలన్నీ చూసి ఏవో బొమ్మలనుకుని మళ్లీ సొరుగులో పడేస్తుంది.

ఇవాళ కొత్త ఇంటర్న్‌షిప్ మొదలైంది. పోయినసారి వాషింగ్ మెషిన్ల పుస్తకాలు తెలుగులోకి మార్చే పని. "తడి చేతులతో ముట్టుకోరాదు" అని ఎన్నిసార్లు రాశానంటే, ఇప్పటికీ చేతులు తుడుచుకోకుండా ఏ స్విచ్చూ వేయను. ఇక్కడ కాగితాలతో కాదు, మనుషులతో పని. ఇక్కడి భాష రాని మనవాళ్లకీ, మన భాష రాని ఇక్కడివాళ్లకీ మధ్య కూర్చుని అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పాలి. దుభాషి అంటే మాట గంభీరంగానే ఉంది కానీ, ఆఫీసు మాత్రం బూట్లు బాగుచేసే షాపు పైన మూడు గదులు. మెట్లెక్కుతుంటే జిగురు వాసనకి తల తిరిగిపోతుంది.

ఇంటర్న్‌లం ఇద్దరం. రెండోవాడు ఇంకో దేశం నుంచి వచ్చాడు, వాళ్ల భాషకి దుభాషి. నిఘంటువు పక్కన లేకపోతే మంచినీళ్లు కూడా తాగడు. కాబట్టి అతని పేరు నిఘంటువు. మార్చి నెలాఖరుకి మా ఇద్దరిలో ఒకరికి పర్మనెంట్ ఉద్యోగం ఇస్తారట. నా చదువు జూన్‌లో అయిపోతుంది. ఆ ఉద్యోగం వస్తే ఈ దేశంలో ఉంటాను, రాకపోతే పెట్టె సర్దుకోవడమే. ఇందులో మధ్యేమార్గం లేదు.

మేడం, అంటే మా సూపర్‌వైజర్, నియమాలు చెప్పారు. ఎవరు మాట్లాడుతుంటే వాళ్లలాగే "నేను" అని చెప్పాలి. "ఆయన ఇలా అంటున్నాడు, ఆవిడ అలా అంటోంది" అని చాడీలు చెప్పినట్టు చెప్పకూడదు. డాక్టరు మాట్లాడితే నేనే డాక్టర్ని, పేషెంటు మాట్లాడితే నేనే పేషెంటుని. నా సొంత మాట ఏదైనా ఉంటే చెయ్యెత్తి, "దుభాషి మాట్లాడుతోంది" అని మొదలుపెట్టాలి. కలపకూడదు, తీసేయకూడదు. తిడితే తిట్టూ చెప్పాలి. నిఘంటువు ఇదంతా రాసుకున్నాడు. నేను తలూపాను. ఈ మాత్రం దానికి రాసుకోవడం ఎందుకు?

ఫిబ్రవరి 5, గురువారం

ప్రాక్టీసు చేయించారు. మేడం కోపిష్టి కస్టమరు, నిఘంటువు దుభాషి. మేడం మధ్యలో నిజంగానే దగ్గితే అతను కూడా దగ్గాడు. నవ్వాపుకోలేక బాత్రూమ్‌లోకి పారిపోయాను. ఈ పోటీలో నాకు ఢోకా లేదు.

ఫిబ్రవరి 10, మంగళవారం

మొదటి అసలు మీటింగు. స్కూల్లో ఒక టీచరు, మనవాళ్ల పిల్లాడి తల్లి. టీచరు అన్నదేమిటంటే, వీడంత బద్ధకస్తుణ్ణి నా సర్వీసులో చూడలేదు. నేను చెప్పిందేమిటంటే, మీ బాబు తీరిగ్గా ఆలోచించే రకం. తల్లి మొహం వెలిగిపోయింది. టీచరుకి మరీ మరీ థాంక్స్ చెప్పింది. తల్లి ఇంత బాగా అర్థం చేసుకున్నందుకు టీచరు కూడా పొంగిపోయింది. ఎవరికేం నష్టం?

ఇది నాకు పుట్టుకతో వచ్చిన విద్య. నాన్నా బాబాయీ మాట్లాడుకోవడం మానేసిన రోజుల్లో ఇద్దరి మధ్యా తిరిగింది నేనే. "వాడి మొహం చూడనని చెప్పు" అని నాన్న అంటే, "నాన్న నిన్ను అడిగినట్టు చెప్పమన్నారు" అని బాబాయితో చెప్పేదాన్ని. ఇప్పుడు ఇద్దరూ ఒకే స్కూటర్ మీద ఊరంతా తిరుగుతారు. అప్పట్లో మేడం నియమాలు పాటించి ఉంటే ఇద్దరూ కోర్టులో ఉండేవాళ్లు.

ఫిబ్రవరి 19, గురువారం

ఇవాళ్టిది కళాఖండం. రాసుకోకపోతే నిద్ర పట్టదు.

బట్టలు కుట్టే వర్క్‌షాపు. కుట్టుమిషన్లు అన్నీ ఒకేసారి మోగుతుంటే నేల వణుకుతోంది. ఒక మూల అద్దాల గది. లోపల ఓనరు, ఎదురుగా మన ఆవిడ ఒకరు. నలభై దాటి ఉంటాయి. చొక్కాలకి కాలర్లు కుట్టడం ఆవిడ పని. మెడలో టేపు, చీర కుచ్చిళ్లకి దారం ముక్కలు. నన్ను చూడగానే, "అమ్మయ్య, మన పిల్ల. రా తల్లీ, ఈయన ఏదో చెప్పాలంటున్నాడు" అంది. పేరు అడిగేలోపే ఆంటీ అనేశాను. కాలర్ల ఆంటీ.

ఓనరు నోరు తెరిస్తే నిప్పులు. ఆయన అన్నది ఇది: "మీరు ఇప్పటికే చాలాసార్లు ఆలస్యంగా వచ్చారు. ఇంకొక్కసారి ఆలస్యమైతే ఉద్యోగంలోంచి తీసేస్తాను. ఇదే ఆఖరి మాట. నాకు సాకులు అక్కర్లేదు, కాలర్లు కావాలి." ఇది ఉన్నదున్నట్టు మొహాన కొడితే ఆవిడ అక్కడే కూలబడేలా ఉంది. నేను ఓనర్నై చెప్పింది ఇది: "మీ పనితనమంటే నాకు గౌరవం. కాస్త టైముకి వస్తుంటే నాకెంతో సాయం చేసినట్టవుతుంది."

ఆంటీ ఊరుకుంటుందా? "ఆయనకేం, కారులో దిగుతాడు. నేనొచ్చే బస్సు ఎప్పుడొస్తుందో దానికే తెలీదు. నన్నేం రెక్కలు కట్టుకుని రమ్మంటాడా? ఒక్కరోజు ఆ బస్సులో రమ్మను, తెలుస్తుంది" అంది. దీన్ని ఆంటీనై ఓనరుకి ఇలా అందించాను: "మీకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నాను. ఇకమీదట జాగ్రత్తగా ఉంటాను."

ఓనరు లేచి చెయ్యి చాచాడు. ఆంటీ పళ్లన్నీ కనిపించేలా నవ్వింది. బయటికి వచ్చాక, "చూడ్డానికి అలా ఉంటాడు గానీ మంచోడే" అని నా బుగ్గ పుణికింది. దుభాషి అంటే ఇలా ఉండాలి.

ఫిబ్రవరి 20, శుక్రవారం

నిఘంటువు వెళ్లిన మీటింగు గొడవతో ముగిసిందట. భార్యాభర్తలు కుర్చీలు తన్నుకుంటూ బయటికి పోయారట. "వాళ్లన్నదే చెప్పాను" అంటున్నాడు పాపం, బిక్కమొహం వేసుకుని.

మార్చి 3, మంగళవారం

మేడం నన్ను ఒక్కదాన్నే పిలిచి కాఫీ ఇచ్చారు. ఇక్కడ కాఫీ ఇవ్వడమంటే సామాన్యం కాదు, కప్పులు ఆవిడే స్వయంగా కడుక్కుంటారు. నా మీటింగుల్లో ఒక్కటి కూడా గొడవతో ముగియలేదట. స్కూలు టీచరు ఫోన్ చేసి మరీ మెచ్చుకుందట. నువ్వు గదిలో ఉంటే మనుషులు మెత్తబడతారు, అది నేర్పితే వచ్చేది కాదు అన్నారు. నెలాఖరు దాకా అధికారికంగా ఏమీ చెప్పలేను గానీ, ఇక్కడే అద్దెకి గది చూసుకుంటే తప్పేం లేదు అని కూడా అన్నారు.

సాయంత్రం అక్కకి ఫోన్ చేసి ఉద్యోగం దాదాపు వచ్చేసినట్టే అన్నాను. అక్క పక్కనే ఉన్న బావగారికి వచ్చేసిందని చెప్పింది. బావగారు నాన్నకి ఏకంగా ఆఫీసరు అయిపోయిందని చెప్పారట. మా వంశంలో మాటని ఉన్నదున్నట్టు మోసినవాళ్లు లేరు.

కిటికీ ఉన్న గది చూసుకోవాలి. రూమ్మేట్ లేనిది.

మార్చి 9, సోమవారం

కాలర్ల ఆంటీ ఉద్యోగం పోయింది.

పొద్దున్న మేడం చెప్పారు. ఆంటీ పోయిన వారం మళ్లీ ఆలస్యంగా వెళ్లిందట. ఓనరు గుమ్మంలోనే ఆపి ఇంటికి పంపించేశాడట. ఆంటీ కార్మికుల సంఘం వాళ్ల దగ్గరికి వెళ్లి, ఉద్యోగం తీసేస్తామని తనకి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదని ఫిర్యాదు చేసింది. దుభాషి ఎదురుగా స్పష్టంగా చెప్పానని ఓనరు అంటున్నాడు. శుక్రవారం అందరినీ కూర్చోబెడుతున్నారు. దుభాషిగా మళ్లీ నేనే, ఎందుకంటే ఈ చుట్టుపక్కల తెలుగు వచ్చిన దుభాషిని నేనొక్కదాన్నే. మేడం కూడా వస్తారు.

"ఆ హెచ్చరిక నువ్వు ఆవిడకి చెప్పావు కదా?" అని మేడం అడిగారు.

విషయం చెప్పాను అన్నాను.

చెప్పాను కదా. టైముకి రమ్మన్నాడని చెప్పాను. అదే విషయం.

మార్చి 10, మంగళవారం

ఏమీ జరగలేదు. గదులు చూశాను. ఒకటి బాగుంది, కిటికీ ఉంది.

మార్చి 11, బుధవారం

టైముకి రమ్మంటే టైముకి రావాలి. నేను ఎలా చెప్పినా సరే, ఓనరు పిలిపించి మరీ టైము గురించి మాట్లాడితే, అందులో ఎంతో కొంత బెదిరింపు ఉంటుందని ఆ మాత్రం తెలీదా? చిన్నపిల్ల కాదు కదా. పైగా బస్సు సంగతి ఓనరుకి తెలిసినా ఏం చేసేవాడు? బస్సు కొనిస్తాడా?

అసలు ఎవరికీ తెలిసే అవకాశమే లేదు. ఆ గదిలో రెండు భాషలూ వచ్చినది నేనొక్కదాన్నే. మేడంకి తెలుగు ఒక్క ముక్క రాదు. శుక్రవారం నోరు మూసుకుని అటుది ఇటు చెప్పేసి వస్తే సరి. ఈసారి నియమం ప్రకారం చెప్తాను. ఒక్క మాట పొల్లుపోకుండా.

నిఘంటువు వచ్చి ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. భేషుగ్గా ఉంది అన్నాను. ఇతనితో పోటీ ఏమిటి నాకు, పిల్లిపిల్లలా ఉంటాడు.

మార్చి 12, గురువారం

ఆంటీకి ఇద్దరు పిల్లలు. భర్తకి నడుం నొప్పి, పనికి వెళ్లడం లేదు. ఇదంతా మేడం దగ్గరున్న ఫైల్లో ఉంది. ఎందుకు చదివానో.

మార్చి 13, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఇవాళ్టికి ఇంక బెల్లం లేదు.

సంఘం ఆఫీసులో పొడుగాటి బల్ల. ఒకవైపు ఓనరు, ఒకవైపు ఆంటీ, ఆవిడ పక్కన సంఘం ఆయన. చివర నేను. మేడం గోడ పక్కన కుర్చీలో కూర్చున్నారు. ఆంటీ నన్ను చూసి సంతోషపడింది. నా పక్కకి కుర్చీ జరుపుకుని, "నువ్వొస్తావని తెలిసి ధైర్యం వచ్చింది తల్లీ" అంది. ఇది మీటింగు మొదలవకముందు మాట కాబట్టి ఎవరికీ చెప్పక్కర్లేదు. చెప్పలేదు.

ఓనరు మొదలుపెట్టాడు. ఆ రోజు ఆఖరి హెచ్చరిక ఇచ్చానని, ఆవిడ క్షమాపణ కూడా చెప్పుకుందని, దానికి సాక్షి ఎదురుగానే ఉందని నన్ను చూపించాడు. నేను మొత్తం తెలుగులో చెప్పాను. "సాక్షి ఎదురుగానే ఉంది" అన్నది కూడా.

క్షమాపణ అన్న మాట దగ్గర ఆంటీ కళ్లు చిట్లించింది. కాసేపు ఏదో గుర్తు చేసుకుంటున్నట్టు బల్ల వైపు చూసింది. తర్వాత నా చెయ్యి మీద చెయ్యి వేసింది.

"ఈ పిల్ల మంచిది. ఆయన చెప్పమంటే చెప్పే ఉంటుంది. ఆ మిషన్ల మోతలో నా బుర్రకే ఎక్కి ఉండదు. పోనీ, తప్పు నాదేనని రాసుకోండి. నాకు ఉద్యోగం ఒక్కటి ఇప్పించండి చాలు."

నియమం ప్రకారం నేను ఇప్పుడు ఆంటీని. తప్పు నాదే అని చెప్పాలి. ఇక్కడి భాషలో చెప్పాను, ఒక్క మాట పోకుండా చెప్పాను. సంఘం ఆయన నిట్టూర్చి రాసుకోవడం మొదలుపెట్టాడు. ఓనరు అంతే కదా అన్నట్టు వెనక్కి వాలాడు. ఆవిడ చెయ్యి ఇంకా నా చేతి మీదే ఉంది. సూదులు గుచ్చుకుని గుచ్చుకుని వేళ్ల చివర్లు గరుగ్గా ఉన్నాయి. నాకు ఎంత సిగ్గేసిందంటే చెవులు వేడెక్కిపోయాయి.

చెయ్యి విడిపించుకుని పైకెత్తాను. "దుభాషి మాట్లాడుతోంది" అన్నాను. "ఆ రోజు ఓనరుగారు ఇచ్చిన హెచ్చరికని దుభాషి ఈవిడకి చెప్పలేదు. ఈవిడ చెప్పిన జవాబుని ఓనరుగారికి చెప్పలేదు. క్షమాపణ దుభాషి కల్పించింది."

మేడం వైపు చూడలేదు. చూడక్కర్లేకుండానే తెలిసింది.

ఆ ముక్కే ఆంటీకి తెలుగులో చెప్పాలి. అటు చెప్పడం ఒక ఎత్తు, ఇటు చెప్పడం ఒక ఎత్తు. "ఆంటీ, ఇంకొక్కసారి లేటయితే తీసేస్తానని ఆయన ఆ రోజే అన్నాడు. నేను మీకు చెప్పలేదు. మీరు బాధపడతారని మార్చి చెప్పాను."

అర్థం కావడానికి ఆవిడకి కొంచెంసేపు పట్టింది. తర్వాత మొదలుపెట్టింది. గొంతు పెంచలేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"అంటే ఆయన నన్ను తిడుతుంటే నేను నవ్వుతూ కూర్చున్నానా? ఆ గదిలో అందరికీ తెలుసు, నాకొక్కదానికే తెలీదు. పళ్లికిలించుకుంటూ చెయ్యి కూడా కలిపాను. ఇంటికెళ్లి మా ఆయనతో, ఓనరు నన్ను మెచ్చుకున్నాడని చెప్పుకున్నాను. నేను బాధపడతానని నీకెవరు చెప్పారు? బాధపడితే పడతాను, మర్నాటి నుంచి చీకటితో లేచి ముందు బస్సు పట్టుకునేదాన్ని. నా బతుకు సంగతి నాకు తెలియనివ్వకుండా చేయడానికి నువ్వెవరు? తియ్యగా మాట్లాడి నా నోట్లో మట్టి కొట్టావు."

ఓనరు, సంఘం ఆయన నా మొహం వైపు చూస్తున్నారు. ఆవిడ అంత మాట్లాడాక, ఏమన్నదో వాళ్లకి చెప్పాల్సిన మనిషిని నేనే కదా. అప్పుడు చూశాను మేడం వైపు. కానివ్వు అన్నట్టు తల ఆడించారు.

కానిచ్చాను. ఆంటీనై, నన్ను నేను తిట్టుకుంటూ, మొదటి మాట నుంచి చివరి మాట దాకా చెప్పాను. నోట్లో మట్టి కొట్టడమనే మాట ఇక్కడి భాషలో లేదు. మట్టి మట్టిగానే చెప్పాను. నువ్వెవరు అన్న దగ్గర ఆగాను. నీళ్లు తాగి మళ్లీ చెప్పాను. ఒక్క మాట మెత్తబరచలేదు, ఒక్కటి వదల్లేదు.

ఆంటీ నా మొహం చూడకుండా, "ఆ రోజు బస్సు గురించి నేనన్నది ఉంది చూడు, అది కూడా చెప్పలేదన్నమాట" అంది.

లేదన్నాను.

"ఇప్పుడు చెప్పు."

చెప్పాను. కారులో దిగుతాడన్నదీ, రెక్కలు కట్టుకోవడమూ, ఒక్కరోజు బస్సులో రమ్మనడమూ అన్నీ. ఓనరు మొహం ఎర్రగా కందిపోయింది. నా కారు సంగతి నీకెందుకని గట్టిగానే అన్నాడు. నేనూ గట్టిగానే తెలుగులో చెప్పాను. ఆంటీ అంతకంటే గట్టిగా జవాబిచ్చింది. పావుగంట పోట్లాడుకున్నారు, నేను ఇద్దరి తరఫునా పోట్లాడాను. మధ్యలో ఎక్కడో ఓనరు ఆగి, ఏ బస్సు అని అడిగాడు. ఆంటీ చెప్పింది. ఆ బస్సు సంగతి నాకు ముందే ఎందుకు చెప్పలేదన్నాడు. ఆంటీ నా వైపు చూసింది.

చివరికి అరగంట ఆలస్యంగా రావడానికి, అరగంట ఆలస్యంగా వెళ్లడానికి ఒప్పందం కుదిరింది. సోమవారం నుంచి ఆంటీ మళ్లీ పనిలోకి. ఈసారి వాళ్లిద్దరూ చేతులు కలపలేదు, నవ్వుకోలేదు. ఆంటీ సంఘం ఆయనకి దణ్ణం పెట్టి, నన్ను దాటుకుని వెళ్లిపోయింది.

మార్చి 16, సోమవారం

మేడం కాఫీ ఇవ్వలేదు. ఉద్యోగం నిఘంటువుకి ఇస్తున్నారు. స్కూలు టీచరుకి, నేను వెళ్లిన మిగతావాళ్లందరికీ ఫోన్లు చేసి, మీటింగులు మళ్లీ జరిపించాలట. అది నిఘంటువు నెత్తిన పడింది, మన భాషకి బయటినుంచి ఎవరినో రప్పిస్తున్నారు. ఇంటర్న్‌షిప్ పూర్తయ్యేదాకా నన్ను కాగితాల పనికి మార్చారు. మైక్రోవేవ్ పుస్తకం. ఆ తర్వాత పని ఉంటే పిలుస్తామన్నారు, లేకపోతే లేదు. మేడం కోప్పడలేదు. శుక్రవారం నువ్వు చేసినది చాలా సీనియర్లు కూడా చేయలేరు, కానీ అంతకుముందు చేసినది ఎవరూ చేయకూడదు అన్నారు. రెండూ నిజమే.

నిఘంటువు నా దగ్గరికి వచ్చి, నాకు సంతోషంగా ఉంది, నీ గురించి బాధగా కూడా ఉంది అన్నాడు. ఉన్నదున్నట్టు చెప్పడమంటే ఇదన్నమాట. అభినందనలు చెప్పాను. కుళ్లుగా ఉందని కూడా చెప్పాను.

అక్కకి ఫోన్ చేశాను. ఉద్యోగం రాలేదు, నా తప్పు వల్లే పోయింది, జూన్ తర్వాత ఏమిటో తెలీదు అన్నాను. "బావగారికి ఏమని చెప్పమంటావే?" అంది అక్క. నేను చెప్పినట్టే చెప్పమన్నాను. ఫోన్ పెట్టేశాక బాగా ఏడ్చాను. రూమ్మేట్ నా బిస్కెట్లు నాకే తెచ్చి పెట్టింది.

మార్చి 27, శుక్రవారం

మైక్రోవేవ్‌లో గుడ్డు పెంకుతో సహా పెట్టరాదు. పొద్దుట్నుంచీ ఇదే పని.

మధ్యాహ్నం మేడం నా బల్ల దగ్గరికి వచ్చి, నీకు ఫోన్ అన్నారు. మొహంలో ఏ భావమూ లేదు. ఒక ఆవిడ పిల్లల చేత మాట్లాడించి దుభాషి కావాలని అడుగుతోందట, బయటినుంచి వేరే మనిషిని పంపుతామంటే ఒప్పుకోవడం లేదట. వెళ్లడం వెళ్లకపోవడం నీ ఇష్టం, ఆ పూటకి కూలి ఇస్తాం, నేను వెనక కూర్చుంటాను అన్నారు. మీకు తెలుగు రాదు కదా, కూర్చుని ఏం చేస్తారన్నాను. మొహాలు చూస్తాను, ఇన్నాళ్లూ చూడాల్సింది అన్నారు.

ఫోన్ తీసుకున్నాను. కాలర్ల ఆంటీ.

ఏ పలకరింపూ లేదు. ఇంటి పైకప్పు కారుతోందట, పిల్లల పక్క మీద బకెట్లు పెట్టుకుని పడుకుంటున్నారట, ఇంటివాడు ఎన్నిసార్లు పిలిచినా రావడం లేదట. మంగళవారం వస్తానన్నాడు, మాట్లాడాలి అంది.

నేనే ఎందుకు ఆంటీ అని అడిగాను. అడక్కుండా ఉండలేకపోయాను.

"నీ మీద కోపం పోయిందనుకోకు. అది అలాగే ఉంది. కానీ ఆ రోజు చివర్లో నువ్వు నా మాటలు చెప్తుంటే ఆయన మొహం కందిపోయింది. ఈ దేశానికొచ్చాక నేను కోప్పడ్డానని ఎదుటివాడికి తెలిసింది అప్పుడే. ఈ ఇంటివాణ్ణి కడిగేయాలని నెలల నుంచి దాచుకున్నాను. ఒక్కటి తగ్గినా ఊరుకోను."

"ఒక్కటీ తగ్గదు ఆంటీ" అన్నాను. టైము, అడ్రసు రాసుకున్నాను. ఆంటీ ఏమందని మేడం అడిగారు. కోపం పోలేదంది అని చెప్పాను, మంగళవారం వస్తానన్నానని కూడా చెప్పాను.